నైరుతిలో తెల్లవారింది

ఆ ఏడాది వేసవి నా డైరీలో ఎండ, ఉక్క, చేపల ధర లాంటి మామూలు సంగతులతో పాటు ఇంకొకటి రోజూ కనిపిస్తుంది. ఆ రోజు నేను చూసిన అరోరాల సంగతి, అంటే ధ్రువాల దగ్గర రాత్రి ఆకాశంలో ఆడే వెలుగుల సంగతి. సముద్రపు హోరు వినిపించే ఇంట్లో, ముందు వరండాలో కూర్చొని, మెడమీద తువ్వాలు వేసుకొని చెమట తుడుచుకుంటూ మంచుదేశాల ఆకాశం చూశాను. చూడమన్నది మా తమ్ముడి కూతురు.

ఆ అమ్మాయి నెల్లూరులో ఒక కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది. ఉద్యోగం చేసుకుంటూనే పిహెచ్‌డీ మొదలుపెట్టింది. మధ్యలో పెళ్ళి, కాన్పు, ఆ తర్వాత పిల్లవాడి జబ్బులు. థీసిస్ ఇవ్వాల్సిన గడువు ఒకసారి పొడిగించారు, మళ్ళీ పొడిగించారు. ఇదే ఆఖరుసారి, ఇంక లేదు అని కాగితం ఇచ్చారు. కాలేజీలో తోటి లెక్చరర్లు "ఏం డాక్టరమ్మా, ఈ పుష్కరానికా, వచ్చే పుష్కరానికా" అని ఎగతాళి చేస్తున్నారట. ఆ మాట నాతో నవ్వుతూనే చెప్పింది గాని, చెప్పేటప్పుడు నా మొహం వైపు చూడలేదు.

ఒక ఆదివారం బస్సు దిగి వచ్చింది. మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టి, "పెదనాయనా, మీ ఇద్దరితో పని పడింది" అంది.

"ఈ ఇంట్లో ఏ పనికైనా ఒకరు చాలు. రెండో ఆయన రాసుకుంటా ఉంటాడు" అంది మా ఆవిడ.

"ఒకరు చాలరు పెద్దమ్మా. ఇద్దరు కావాల. ఒకరు ఏం చెప్పినారో ఇంకొకరికి తెలీకూడదు."

ఆ మాట నాకు వెంటనే బుర్రకెక్కింది. నేను బతుకంతా రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట డాక్యుమెంట్ రైటరుగా పనిచేసినవాణ్ణి. కొడవలూరు వైపు వరిమడులు, చిల్లకూరు వైపు హైవే పక్క ప్లాట్లు, ఎన్ని చేతులు మారాయో అన్నిటికీ దస్తావేజులు రాశాను. ఏ దస్తావేజుకైనా ఇద్దరు సాక్షులు ఉండాలి. ఒకరి మాట మాట మాత్రమే. ఇద్దరు చెబితే అది రుజువు.

అమ్మాయి లాప్‌టాప్ తెరిచి చూపించింది. ఉత్తరాన ఎక్కడో మంచుదేశంలో, ఒక కొట్టు కప్పు మీద గాజు బుడగ కింద కెమెరా పెట్టారట. చేపకన్ను లాంటి కటకం ఉంటుంది దానికి. నేలమీద వెల్లకిలా పడుకున్నట్టుండి, చలికాలం రాత్రంతా, కొద్ది క్షణాలకొకటి చొప్పున ఆకాశాన్ని బొమ్మలు తీస్తూ ఉంటుంది. ఆ బొమ్మలు ఇంటర్నెట్ నుంచి ఎవరైనా దించుకోవచ్చు. ఒక్కో బొమ్మా దోసె పెనంలా గుండ్రంగా, నల్లగా ఉంది. అంచు చుట్టూ దిగంతం, నడిమధ్య నడినెత్తి. ఆ నలుపులో తెల్లటి చారలు, మచ్చలు, పొగలాంటి పొరలు.

"ఇదా నీ అరోరా? రంగులుంటాయంటివే" అంది మా ఆవిడ.

"రంగులు ఉంటాయి పెద్దమ్మా. ఈ కెమెరా రంగులు తియ్యదు. నాకు రంగుతో పని లేదు, ఆకారంతోనే పని."

తర్వాత తన ప్రశ్న ఏమిటో చెప్పింది. అర్ధరాత్రి దాటాక కొన్ని అరోరాలు ముక్కలు ముక్కలుగా విడిపోతాయి. ఒక్కో ముక్క వెలిగి ఆరుతూ ఉంటుంది, ఊపిరి పీల్చి వదిలినట్టు. ఆరిపోయిన ముక్క మళ్ళీ వెలిగినప్పుడు పాత ఆకారంలోనే వస్తుందా, వేరే ఆకారంలో వస్తుందా? పాత ఆకారమే వస్తే, ఆ ఆకారం వెలుగుది కాదు. పైన, కంటికి కనిపించనంత ఎత్తులో, ఏదో ఆ ఆకారంలో ఉందన్నమాట. కాగితం మీద సీలు పడినట్టు, కింద మనకు కనిపించేది దాని ముద్ర.

"ఈ చూసేదేదో కంప్యూటరు చూడలేదా?" అన్నాను.

"చూస్తుంది. ముందు మనిషి చూసి నేర్పాల. నేను చూస్తే కుదరదు. నాకేం కావాలో నాకు తెలుసు గదా, అదే కనపడుద్ది. మీ ఇద్దరికీ దీని గురించి ఏం తెలీదు."

"మాకేం తెలీదని ఇంత దూరం వచ్చి చెప్పినావు, సంతోషం" అంది మా ఆవిడ.

ఒకదాని వెంట ఒకటి తీసిన బొమ్మలను వరుసలుగా కూర్చి తెచ్చింది. ప్రతి వరుసకూ మూడు ప్రశ్నలు. అది చారా, మచ్చా, పొరా? ఆరి వెలిగితే అదే ఆకారమా? ఏ దిక్కుకు కదిలింది? "బొమ్మ పైన ఉత్తరం" అని మాత్రం చెప్పింది. నాకు లాప్‌టాప్, మా ఆవిడకు టాబ్లెట్ ఇచ్చింది. ఇద్దరం చూసినవి ఒకే బొమ్మలు. పని పూర్తయ్యేదాకా వాటి గురించి ఒకరితో ఒకరు మాట్లాడకూడదు.

"అదేమంత కష్టం" అంది మా ఆవిడ. "ఆయన డైరీ రాసేటప్పుడు పలకడు. నేను సీరియల్ చూసేటప్పుడు పలకను. మిగతాది అన్నం తినడమే."

మర్నాటి నుంచి మొదలుపెట్టాం. నేను పొద్దున కాఫీ తాగాక ముందు వరండాలో బల్ల మీద పెట్టుకొని చూసేవాణ్ణి. ఒక్కో వరుసనూ రెండుసార్లు ఆడించి, రెండోసారి తర్వాతే జవాబు మీట నొక్కేవాణ్ణి. మా ఆవిడ మధ్యాహ్నం భోజనం చేసి, వెనక వరండాలో నులకమంచం మీద వెల్లకిలా పడుకొని, టాబ్లెట్‌ను రెండు చేతులా మొహం మీదికి ఎత్తి పట్టుకొని చూసేది. చేతులు నొప్పి పుట్టవా అని ఒకసారి అడిగాను.

"ఆకాశం బొమ్మను తలెత్తి చూడాల గాని, నీ మాదిరి తలొంచుకొని చూస్తే ఏం తెలుస్తుంది?"

అందులో న్యాయం ఉంది. కానీ నా పద్ధతి నాది. ఇంకొకసారి అన్నం దగ్గర, "ఈ పొద్దు ఒకటి అచ్చం రొయ్య మాదిరి ముడుచుకొని..." అని మొదలుపెట్టింది. చెయ్యెత్తి ఆపాను. ఆమె ముద్ద మింగి, "రొయ్యల కూరే లేదంటా ఉండా" అంది.

నాకు ఆ బొమ్మలు మెల్లగా అలవాటయ్యాయి. మొదట్లో అన్నీ పొగే. కొన్నాళ్ళకు మచ్చలకు అంచులు కనిపించాయి. ఒక మచ్చ ఆరుతుంది, అక్కడ ఏమీ ఉండదు, నల్లగా ఉంటుంది. కళ్ళు ఆ నలుపు మీదే పెట్టి కూర్చుంటే, అదే వంపుతో, అదే నొక్కుతో మళ్ళీ వస్తుంది. రాకపోతే ఏదో వెలితిగా ఉండేది. ఆ రోజు డైరీలో, "ఈ రోజు ఒకటి తిరిగి రాలేదు" అని రాసుకున్నాను.

ఇద్దరివీ పూర్తయ్యాక అమ్మాయి వచ్చి రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసుకుంది. మొహం వెలిగిపోయింది. మా ఇద్దరి జవాబులు దాదాపు అన్నిచోట్లా కలిశాయి. ఆకారం మీద కలిశాయి, తిరిగి రావడం మీద కలిశాయి, దిక్కు మీద ఇంకా బాగా కలిశాయి. మచ్చలు తిరిగి అదే ఆకారంలో వస్తున్నాయని మేమిద్దరం వేరువేరుగా చెప్పాం. ఆమెకు కావలసింది అదే.

"గైడ్ సారు కూడా ఇట్టా కలుస్తాయని అనుకోలేదు" అంది.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ఈసారి చెప్పులు విప్పకుండానే గడప దగ్గర నిలబడిపోయింది.

"దిక్కు తప్పు వచ్చింది పెదనాయనా."

మేము చూసిన మచ్చలన్నీ అర్ధరాత్రి దాటినవి. ఆ వేళప్పుడు మచ్చలు మామూలుగా తూర్పుకు సాగుతాయి. అది ఈ రంగంలో అందరికీ తెలిసిన సంగతి. మేమిద్దరం మాత్రం దాదాపు ప్రతిదీ పడమరకు పోయిందని చెప్పాం.

"ఇద్దరం చెప్పినాం గదా" అన్నాను.

"అదే. ఒక్కరే చెప్పుంటే తప్పనుకొని తీసేసేదాన్ని. ఇద్దరూ చెప్పినారు. ఇది నిజమైతే పెద్ద సంగతి. పేపర్లో వేస్తారు, బయట దేశాలోళ్ళు పిలుస్తారు." చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. "నిజం కాకపోతే, దిక్కు తెలీనోళ్ళు ఆకారం చెబితే ఎవరు నమ్ముతారని అడుగుతారు. చాప్టరు పోతుంది. ఆ చాప్టరు పోతే ఇంక థీసిస్ లేదు."

ఏది నిజమో తేల్చుకొని రమ్మని గైడ్ చెప్పాడట. గడువు నెలలోపే ఉంది. అమ్మాయి కంప్యూటర్లో తాను రాసుకున్న లెక్కంతా తిరగేసింది, తప్పు దొరకలేదు. కెమెరా పెట్టినవాళ్ళు ఇచ్చిన వివరంలో కూడా "పైన ఉత్తరం" అనే ఉంది. బొమ్మల వరుసే తారుమారైందేమో, వెనకది ముందు వచ్చిందేమో అని అనుమానం పట్టుకుంది. మాకు ఇచ్చినవి రాత్రి నడిమి ముక్కలు. ఇప్పుడు సాయంత్రం నుంచి తెల్లవారేదాకా కోత కొయ్యని రాత్రులు కొన్ని తెచ్చి, వరుస సరిగ్గా ఉందో లేదో చూడమని నాకిచ్చింది.

నేను మనసులో ధైర్యంగానే ఉన్నాను. ఇద్దరు సాక్షులు, వేరువేరు వరండాల్లో, ఒకరి మాట ఒకరు వినకుండా ఒకే మాట చెప్పారు. ఏ కోర్టులో నిలబడదు ఇది? లోకమంతా పొరపాటు పడి ఉండవచ్చు గదా. ఆ రోజుల్లో రెండు మూడుసార్లు అలా కూడా అనుకున్నాను.

కాగితం మీద గంటగంటకూ చూసింది చూసినట్టు రాసి పెట్టాను. వరుసలో తేడా ఏమీ లేదు. చీకటి పడుతుంది, చారలు వస్తాయి, మచ్చలు వస్తాయి, చివరికి ఒక మూల నుంచి తెల్లబడి బొమ్మంతా తెల్లగా అయిపోతుంది. ఆదివారం అమ్మాయి వచ్చి, ఉప్మా తింటూ ఆ కాగితం చదివింది. చదువుతూ చదువుతూ చెంచా పళ్ళెంలో పెట్టేసింది.

"పెదనాయనా, నైరుతిలో తెల్లవారిందని రాసినావే."

"తెల్లవారింది. చూసిందే రాసినా."

"నీకేం అనిపించలా?"

"ఆ దేశంలో సూర్యుడు ఏ మూల లేస్తాడో నాకేం తెలుసు? కొన్నాళ్ళు అసలు లేవడని నువ్వే చెప్పినావు."

"లేచినప్పుడు మాత్రం తూర్పునే గదా లేవాల. చలికాలం, దక్షిణంగా ఒరుగుతాడు, ఆగ్నేయంలో లేస్తాడు." లాప్‌టాప్ తిప్పి, బొమ్మలో ఎడమవైపు కింద తెల్లబడుతున్న మూల మీద వేలు పెట్టింది. "ఇది నైరుతా?"

"పైన ఉత్తరం. కుడి పక్క తూర్పు, ఎడమ పక్క పడమర. ఎడమ పక్క కింది మూల నైరుతి కాక ఇంకేముంది? ఏ స్థలం స్కెచ్ తీసుకో..."

"ఇది స్థలం కాదు పెదనాయనా."

నా డైరీలో నుంచి ఒక పల్చటి కాగితం అడిగి తీసుకుంది. దాని పైభాగంలో 'ఉ' అని రాసి, నా నెత్తి మీద కాగితాన్ని అడ్డంగా పట్టుకుంది, 'ఉ' అసలు ఉత్తరం వైపు ఉండేట్టు, రాత కింది వైపు ఉండేట్టు. "పైకి చూడు. సముద్రం ఏ అంచు పక్క ఉండాది?"

చూశాను. మా ఊరికి తూర్పున ఉండే సముద్రం ఎడమ అంచు పక్క ఉంది.

నేల పటం పైనుంచి కిందికి చూసి గీసింది. ఆకాశం బొమ్మ కిందనుంచి పైకి చూసి తీసింది. ఉత్తరం పైనే ఉంచితే తూర్పు, పడమర తారుమారవుతాయి. తూర్పు ఫలానావారి భూమి, దక్షిణం ఫలానావారి ఇల్లు అని చెక్కుబందీలు రాసి రాసి నా చెయ్యి ఒకే దోవకు అలవాటు పడింది. ఉత్తరం పైన అనగానే తూర్పు కుడిచేతికి వచ్చేసింది. నేను ఆకాశానికి కూడా హద్దులు వేశాను.

"సరే, నువ్వు స్కెచ్ మాదిరి చూసినావు" అంది అమ్మాయి. "పెద్దమ్మ అట్టా చూడలా గదా. తలెత్తి చూసింది. ఆమెకు కరెక్టుగా రావాల. ఆమెకు కూడా పడమరే ఎందుకు వచ్చింది?"

వంటింట్లో ఉన్న మా ఆవిడను పిలిచాం. "ఎట్టా చూసేదానివో అట్టా పడుకొని చూపించు పెద్దమ్మా" అంది అమ్మాయి. మా ఆవిడ తడిచెయ్యి కొంగుకు తుడుచుకొని, వెనక వరండాలో మంచం మీద పడుకొని, టాబ్లెట్ ఎత్తి పట్టుకుంది.

"ఇప్పుడు తూర్పు ఎటో నీకెట్టా తెలుసు?"

"సముద్రం ఎటుంటే అటు. దానికి కూడా చదువు కావాల్నా? మచ్చ సముద్రం పక్కకు జరిగితే తూర్పు నొక్కినా, ఊరి పక్కకు జరిగితే పడమర నొక్కినా."

అమ్మాయి మంచం చుట్టూ తిరిగి వచ్చి తలవైపు నిలబడింది.

"పెద్దమ్మా, తల దక్షిణం పెట్టినావే."

"లేకపోతే ఉత్తరం పెట్టమంటావా? ఏం, నేనంటే అంత విసుగొచ్చిందా?"

అంతే సంగతి. తల ఉత్తరానికి పెట్టి పడుకోకూడదు, అది పీనుగను పెట్టే దిక్కు. కాబట్టి ఆమె తల దక్షిణానికి ఉంది. టాబ్లెట్ పైభాగం ఆమె తలవైపే ఉంటుంది. అంటే బొమ్మలో ఉత్తరం మా ఇంటి దక్షిణానికి తిరిగి ఉంది. బొమ్మ కుడి అంచు సముద్రం వైపు వచ్చింది. కుర్చీలో తలొంచుకొని నేను చేసిన తప్పే, మంచం మీద తలెత్తి ఆమె కూడా చేసింది. ఒకే తప్పుకు ఇద్దరం వేరువేరు దారుల్లో వచ్చాం. అందుకే అంత చక్కగా కలిశాం.

"ఒక్కసారి తల ఉత్తరం పెట్టుకొని చూసుంటే అన్నీ కరెక్టుగా వచ్చేవి" అంది అమ్మాయి.

"వచ్చేవి. నేను పొయ్యేదాన్ని" అంది మా ఆవిడ, టాబ్లెట్ దించకుండానే.

అమ్మాయి మెట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. చాలాసేపు నవ్వింది. ఆ తర్వాత మోకాళ్ళ మీద గడ్డం ఆనించింది. "కొత్తది ఏదో కనుక్కున్నా అనుకున్నా పెదనాయనా. ఎవరికీ చెప్పలా గాని, లోపల అనుకున్నా" అంది. నేను పక్కన కూర్చున్నాను. నాకూ అలాంటి ఆశ ఒకటి ఉండిందని చెప్పాను.

మధ్యాహ్నం దాకా మా ముగ్గురికీ అదే మాట. అమ్మాయి అంది, "ఒక్క లైను రాస్తే చాలు, కంప్యూటరు తూర్పు ఉన్నచోట పడమర, పడమర ఉన్నచోట తూర్పు మార్చేస్తుంది. అంతా సరిగ్గా వస్తుంది. గైడ్ సారుకు చెప్పాల్నా? చెబితే మా పెదనాయన, పెద్దమ్మ దిక్కులు తప్పు చెప్పినారని రాసుకోవాల. నవ్వరా? గడువు ఈ నెలాఖరు."

ఆమె నన్ను అడుగుతున్నదో తనను తాను ప్రశ్నించుకుంటున్నదో తెలియలేదు. నాకు తెలిసిన పద్ధతి ఒకటే ఉంది, అదే చెప్పాను. రిజిస్టరు అయిన దస్తావేజులో సర్వే నంబరు తప్పు పడితే గీకి దిద్దకూడదు. సవరణ దస్తావేజు అని ఇంకొకటి రాయాలి. ఫలానా చోట ఇలా పడింది, ఫలానా కారణం వల్ల పడింది, ఇకమీదట ఇలా చదువుకోవాలి అని. పాతది అలాగే ఉంటుంది, దాని పక్కన ఇది ఉంటుంది. సవరణ ఉన్న కాగితాన్ని కొనేవాళ్ళు ఇంకా ఎక్కువ నమ్ముతారు. గీకిన కాగితాన్ని ముట్టుకోరు.

"నవ్వితే నవ్వనీ" అంది మా ఆవిడ. "నవ్వినోళ్ళు చదివినట్టే గదా."

అమ్మాయి రాసింది. అంతటితో ఊరుకోలేదు. సవరణ సరైనదేనని తేలాలంటే, మేము ఇంతకు ముందు చూడని కొత్త రాత్రులు చూడాలంది. ఈసారి ప్రతి బొమ్మ అంచునా నాలుగు దిక్కులూ రాసి తెచ్చింది. నేను మళ్ళీ కుర్చీలో, ఈసారి అంచు చదువుకుంటూ చూశాను. మా ఆవిడ మాత్రం తల తిప్పుకోనంది. ఎంత బతిమాలినా వినలేదు. చివరికి అమ్మాయే టాబ్లెట్‌ను ఆమె చేతుల్లో తలకిందులు చేసింది. బొమ్మ పైభాగం కాళ్ళవైపు, అంటే ఉత్తరానికి వచ్చింది. తల దక్షిణానే ఉండిపోయింది. ఇద్దరికీ సమ్మతమైంది.

కొత్త రాత్రుల్లో మచ్చలు తూర్పుకు సాగాయి. ఆరినవి ఆరి, మళ్ళీ పాత ఆకారంతోనే వచ్చాయి, దిక్కుతో పనిలేకుండా.

గైడ్ ఆ పేజీ చదివి ఫోన్ చేసినప్పుడు అమ్మాయి మా ఇంట్లోనే ఉంది. స్పీకరు పెట్టింది. ఆయన ముందు బాగా నవ్వాడు. మా ఆవిడ నావైపు చూసి కనుబొమ్మలెగరేసింది. తర్వాత ఆయన, "ఈ పేజీ తీసెయ్యొద్దమ్మా. దిక్కు ఇప్పుడు అందరూ చెప్పినట్టే వచ్చింది కాబట్టి, ఆకారం మీద నువ్వు చెప్పింది నమ్ముతారు. రెండో పరిశీలకురాలు తల ఎటు పెట్టుకున్నారో అది కూడా ఉంచు. కారణం లేకుండా తప్పు రాస్తే ఎవరికీ పనికిరాదు" అన్నాడు.

"తల సంగతి కూడా అచ్చు వేస్తారా?" అని అడిగింది మా ఆవిడ, ఫోన్ పెట్టేశాక.

"వేస్తారు పెద్దమ్మా."

"అట్టయితే మంచిదే. ఎవరన్నా చదివి సరిగ్గా పడుకుంటారు."

గడువులోపలే థీసిస్ ఇచ్చింది. వైవా రోజున మేమిద్దరం యూనివర్సిటీకి వెళ్ళి, హాలు బయట బెంచీ మీద కూర్చున్నాం. తలుపు సగం తెరిచే ఉంది. పరీక్షకుడు వేరే రాష్ట్రం నుంచి తెర మీద కనిపిస్తున్నాడు. ప్రశ్నలు ఇంగ్లీషులో సాగాయి, నాకు సగమే అర్థమయ్యాయి. ఆకారాల మీద చాలాసేపు అడిగాడు. దిక్కుల పేజీ మీద ఒక్కటే అడిగాడు, ఈ తప్పును మీరెలా పట్టుకున్నారని. నైరుతిలో తెల్లవారిందని మొదటి పరిశీలకుడు రాశాడు, సూర్యుడు అక్కడ లేవడు కాబట్టి అని అమ్మాయి చెప్పింది. ఆయన తల ఊపి తర్వాతి బొమ్మకు పోయాడు.

అరగంట తర్వాత గైడ్ బయటికి వచ్చి, మమ్మల్ని లోపలికి రమ్మన్నాడు. అమ్మాయి బల్ల దగ్గర నిలబడి లాప్‌టాప్ వైర్లు చుట్టుకుంటున్నది. మమ్మల్ని చూసి, "డాక్టరేట్ ఇచ్చేసినారు పెదనాయనా" అంది. మా ఆవిడ వెళ్ళి ఆమె చేతిలో వైర్లు తీసుకొని తాను చుట్టడం మొదలుపెట్టింది. అమ్మాయి చుట్టినవన్నీ ముడి పడి ఉన్నాయి.